బ్యాటరీ పెట్టెలో ఉడుత గూడు

కరోనా తర్వాతి ఏడాది, ఎండాకాలం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో నేను బోగీల ఫిట్టర్‌ని. ఓవర్‌హాల్ అంటే మాకు ఒకటే అర్థం: బోగీని విప్పి, పాతది తీసి కొత్తది వేసి, మళ్లీ పట్టాలెక్కించడం. ఇరవై ఏళ్లుగా నా చేతులకు అదే అలవాటు.

ఆ రోజు, నెలల తరబడి యార్డులో నిలబడిపోయిన బోగీ ఒకటి షెడ్డులోకి వచ్చింది. దాని కింద ఉండే బ్యాటరీ పెట్టె మూత తీస్తే లోపల ఉడుత గూడు. మేం చేతులు తుడుచుకుని పారేసే నూలు పీచుని కాటన్ వేస్ట్ అంటాం. గూడంతా దానితోనే కట్టుకుంది. నల్లగా, జిడ్డోడుతూ ఉంది. అందులో నాలుగు పిల్లలు, ఇంకా కళ్లు తెరవనివి. తల్లి పైన గర్డరు మీద కూర్చుని ఒకటే అరుపు.

"షిఫ్టు ముగిసే హూటర్ దాకా టైమిస్తాను దీదీ. తర్వాత క్రేన్ వచ్చేస్తుంది, ఠీక్ హై?" అన్నాడు మా సూపర్‌వైజర్. ఈలోగా తల్లి పిల్లల్ని పట్టుకుపోవాలి.

నాకు జాలేసింది. జాలితో ఆగకుండా పనితనం కూడా చూపించాను. ఒక చెక్కపెట్టెను కిరసనాయిలుతో తుడిచి, స్టోర్‌లోంచి తెల్లటి కొత్త పీచు తెచ్చి పరిచి, పిల్లల్ని అందులో పడుకోబెట్టి గోడవార ఉంచాను. పాత గూడు చెత్తడబ్బాలో పడేశాను. ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను కూడా.

తల్లి దిగివచ్చింది. పెట్టె అంచు వాసన చూసి వెనక్కి పరుగెత్తింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. గంట గడిచింది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ అప్పలనర్సు మావ, మాలో పెద్ద ఫిట్టర్, అది చూశాడు.

"ఏటి సేసినావమ్మా? గూడేదీ?"

"మురికిగా ఉందని పారేసినాను మావా. కొత్తది పెట్టినాను."

"మురికి నీకు. దానికి అదే ఇల్లు. ఈ కిరసనాయిలు కంపులో పిల్లల్నెలా పోల్సుకుంటాది? ఎల్లు, ఏరి తే!"

చెత్తడబ్బా నేల మీద బోర్లించి ఆ పీచంతా ఏరాను. మావ దాన్ని పాత తట్టలో సర్ది, పిల్లల్ని మార్చి, నన్ను దూరంగా లాక్కుపోయాడు.

ఈసారి తల్లి తట్టలోకి దిగింది. ఒకదాన్ని నోట కరుచుకుని షెడ్డు పైకప్పు సందులోకి ఎక్కింది. రెండోది. మూడోది. నాలుగోదాన్ని మూతితో కదిపి చూసింది. అది అప్పటికే చల్లబడిపోయింది. కాసేపు దాని దగ్గరే ఉండి, నోటినిండా పాత పీచు పట్టుకుని వెళ్లిపోయింది. హూటర్ మోగింది.

ఆ గంట సమయం నేను పోగొట్టిందే. దాన్ని ఈరోజుకీ మరచిపోలేదు. ఇప్పుడు ఏది విప్పినా, పారేసేముందు ఇది ఎవరికైనా పనికొస్తోందా అని ఒకసారి ఆగి చూస్తాను.

ఆ చిన్న ప్రాణాన్ని షెడ్డు వెనక పాతిపెట్టాను. నేను తెచ్చిన తెల్లటి పీచు దాన్ని చుట్టడానికి పనికొచ్చింది.