గంపలో పదమూడు గుడ్లు

నా పరిశోధన అంశం వింటే నర్సీపట్నంలో ఎవరికైనా నవ్వొస్తుంది. గుడ్డులోని కోడిపిల్ల మొదట తల్లి సర్దిపెట్టిన సరుకుతోనే బతుకుతుంది. తనకు కావలసిన ఎంజైములను తానే తయారుచేసుకునే జన్యువులు తర్వాతెప్పుడో మేలుకుంటాయి. వాటిలో ఒక్కటి ఏ రోజున మేలుకుంటుందో పట్టుకోవడమే నా పని. మేలుకుంటే పిండం మీద వేసిన మందు నీలంగా మారుతుంది, లేకపోతే లేదు.

మా కాలేజీ ల్యాబ్‌లో గుడ్లు పొదిగే పెట్టె లేదు. పెరట్లో మా అత్తయ్య పదమూడు గుడ్లతో పొదగేసిన కోడిపెట్టే నాకు దిక్కు. నేను చెయ్యి పెడితే పొడుస్తుంది కనుక రోజుకొక గుడ్డు ఆవిడే తీసిచ్చేది. దాన్ని గుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కేదాన్ని.

మొదటి రెండు రోజులూ రంగు రాలేదు. మూడో రోజు వచ్చింది, నాలుగో రోజు ఇంకా ముదిరింది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. తీరా అయిదో రోజు ఏమీ లేదు, ఆరో రోజూ అంతే. ఈసారీ తేలకపోతే టాపిక్ మార్చుకోమని మా గైడు గారు ముందే చెప్పేశారు. ఇన్నాళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరైందని ఆ సాయంత్రం గంప పక్కన కూర్చుని ఏడ్చాను.

పెట్ట మేతకు దిగింది. ఊరికే గుడ్లు లెక్కపెట్టాను. ఆరు తీశాక ఏడుండాలి. పదమూడున్నాయి.

"అత్తయ్యా, ఇవెక్కడివి?"

"నానే ఎట్టినాను. నువ్వొకటి అట్టుకెళ్తే పన్నెండైపోతాది. సరి గుడ్లు పొదగేస్తే పిల్లలు దిగవు కదేటి. అందుకే రోజూ ఒకటి సేర్చినాను."

ఒళ్లు మండింది. ఆవిడ ముఖంలో మాత్రం బెదురే లేదు.

"మరి నిన్న నాకిచ్చింది ఎప్పటిది?"

"మొన్న ఎట్టింది. ఇయాల్టిది నిన్న ఎట్టింది. పైనున్నాయని తీసిచ్చేసినాను. అంతకుముందువన్నీ పాతవే."

అంటే ఆ రెండూ ఒక్కరోజు గుడ్లు. వాటికి రంగు రాకపోవడమే సరైనది. కోపం ఎటు పోయిందో, ఆవిడ చేతులు పట్టుకుని నవ్వేశాను. మర్నాడు ఆవిడే ఏరి ఇచ్చిన పాత గుడ్డు ముదురు నీలమైంది. గైడు గారు ఫోన్‌లో సరేనన్నారు.

"ఇంతకీ నువ్వెతుకుతున్నదేటి, సెప్పు," అంది అత్తయ్య ఆ సాయంత్రం.

తల్లి పెట్టింది తింటూ కూర్చోక, పిల్ల తన పని తాను మొదలుపెట్టే రోజని చెప్పాను. అది మూడో రోజని తేలిందన్నాను.

ఆవిడ వరండాలోకి చూసింది. అక్కడ నా భర్త కుర్చీలో కాళ్లు చాపుకుని, అమ్మ కాఫీ తెస్తుందని ఎదురుచూస్తున్నారు.

"నయమే. నీ మొగుడికి నలభయ్యేళ్లొచ్చినా ఇంకా మెలకువ రానేదు."