గేదెల వారి పిల్లి

మొన్న ఆదివారం మలేషియాలోని మా క్లాంగ్‌లో ఒక షాపింగ్ మాల్ కింది అంతస్తులో పిల్లుల ప్రదర్శన పెడితే మా అమ్మాయి నన్ను వెంటబెట్టుకుపోయింది. ఏసీ చల్లదనం కోసం వస్తున్నానే తప్ప పిల్లుల మీద మోజుతో కాదని ముందే చెప్పాను, అదీ అబద్ధమేననుకోండి. పంజరాల వరుసలో ఒక సయామీస్ పిల్లి, మీగడ రంగు ఒళ్ళు, మసి పూసినట్టు మొహం, నీలి కళ్ళు, నన్ను చూసి తీరిగ్గా ఆవులించింది. పంజరానికి తగిలించిన అట్ట మీద దాని పేరుకు ముందు ఇంగ్లీషు అక్షరాల్లో ‘గేదెల’ అని ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే. పక్కన సయామీస్ జాతి సలహా సంఘం బిళ్ళ పెట్టుకున్న ఒక యువతి చుట్టూ చేరినవాళ్ళకు వివరిస్తోంది: ఇది చాలా పాత వంశమట, తెలుక్ ఇంటాన్ దగ్గర ఒక రబ్బరు తోటలో తెల్లదొర బంగళాలో మొదలైందట, ఆ బంగళా పేరే గేదెలట.

నా సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పాలి: నేను చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేసుకోవడం మా ఇంట్లో అలవాటు. ఆ దొర బంగళా కథ నాది. ముప్పయ్యేళ్ళ వయసులో, ఒక సాయంత్రం, కూర కుక్కి వేయించిన కరిపాప్ తింటూ కల్పించాను. ఇప్పుడు చెప్పబోయేదాన్ని మాత్రం దయచేసి సగం చేయకండి.

ఆ రోజుల్లో రేవు దగ్గర ఒక సరుకుల కంపెనీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. స్కూల్లో నాకు ఇంగ్లీషు నేర్పిన చైనీస్ టీచరమ్మ రిటైరై సయామీస్ పిల్లుల సలహా సంఘానికి అధ్యక్షురాలైంది, అయిన వారానికే నా చేతి రాత గుర్తొచ్చి సమావేశాల మినిట్స్ రాయడానికి రమ్మని కబురుపెట్టింది. కబురంటే ఆజ్ఞే, ఆవిడ ముందు నేనెప్పటికీ ఐదో తరగతే. పిల్లులకో సంఘమా అని నవ్వుకుంటూ వెళ్ళాను. వెళ్ళి చూస్తే ఒక్కో జాతికి ఒక్కో సంఘం, క్లబ్బు క్లబ్బునుంచీ ఒక ప్రతినిధి. తలకు ఎన్ని మార్కులు, కళ్ళకు ఎన్ని, తోకకు ఎన్ని, ఏ రంగు చెల్లుతుంది, ఏ జాతితో దాటించవచ్చు, న్యాయనిర్ణేత కావడానికి ఎవరు పనికొస్తారు, ఇవన్నీ చెవి ఎంత పెద్దగా ఉండాలన్నదాని దగ్గర కుర్చీలు వెనక్కి నెట్టుకునేదాకా వాదించుకుని తేల్చేవారు. ఇంతా చేసి వాళ్ళది సలహా మాత్రమే, ఖాయం చేసేది పైనున్న కౌన్సిల్. కానీ మా అధ్యక్షురాలు పంపిన సలహాను కాదనే ధైర్యం ఆ కౌన్సిల్‌కు ఉండేది కాదు. వాళ్ళలోనూ ఇద్దరు ఆవిడ శిష్యులే.

మా మేనత్త అప్పటికి ఒక స్కూలు క్యాంటీన్లో వంట చేసేది. మావాళ్ళు పనిచేసిన రబ్బరు తోట అమ్మేసి అక్కడ ఇళ్ళు కట్టినప్పుడు కూలీల లైన్ల ఇళ్ళలోంచి అందరితోపాటు లేచి క్లాంగ్ వచ్చింది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు క్యాంటీను, వాటి మధ్య ఒక పిల్లి. ఎవరు చూసినా అచ్చం సయామీస్ అనేవారు, తోక చివర మాత్రం కొక్కెంలా వంకర. మన మలేషియాలో వీధి పిల్లుల్లో తిన్నని తోక వెతకడం కష్టం కదా, సంఘం దృష్టిలో అది దోషం.

నేను మినిట్స్ రాస్తున్నానని తెలిసిన రోజే అత్త వచ్చి కూర్చుంది. ప్రధాన రిజిస్టరుకెక్కిన పిల్లులకు పెంచినవాళ్ళు ఒక ఇంటిపేరు పెట్టుకోవచ్చని ఎక్కడో విన్నది. గేదెల అని పెట్టించాలంది. పిల్లికి గేదెల ఏమిటత్తా అని నేను పగలబడి నవ్వాను. అత్త నవ్వలేదు. మాట చివర ఈ దేశపు ‘లా’ తగిలించి అంది:

“నవ్వుకో అల్లుడూ. మా అయ్య జన్మంతా రబ్బరు సెట్లు గీసినాడు. సెట్టు దొరది, ఇల్లు దొరది. ఆ ఇంటిపేరొక్కటే మనది, అదీ ఏ కాయితం మీదా నేదు. పిల్లి మీదన్నా ఉండనీ లా.”

నిజమే. ఓడ దిగిన మా పెద్దవాళ్ళ దగ్గర ఎవరో పేరు రాసుకున్నారు, తండ్రి పేరు రాసుకున్నారు, ఇంటిపేరుకు కాగితంలో చోటే లేదు. ఇప్పటికీ మా ఐసీల్లో, అంటే గుర్తింపు కార్డుల్లో, ఫలానావాడి కొడుకు, ఫలానావాడి కూతురు. మేము గేదెల వాళ్ళమని మాకు మేము చెప్పుకోవడమే, అది కూడా పెళ్ళి మాటల్లోనే.

అందుకని నేను నడుం బిగించాను. తల్లిదండ్రులు తెలియని పిల్లిని సంఘం సూటిగా ప్రధాన రిజిస్టరుకెక్కించదు కాబట్టి దానికి తల్లినీ తాతనూ ఇస్తే సరి అనుకున్నాను. అత్త పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చిన రోజు, సంఘం ముందు లేచి, దీని ముత్తవ్వ దొరగారి బంగళా పిల్లి అన్నాను. సయాం నుంచి టోపీ పెట్టెలో వచ్చిందన్నాను. తెల్లవారుజామున పెరట్టుకు, అంటే కూలీల హాజరుకు, దొర పక్కన నిలబడి ఆలస్యమైనవాళ్ళ నుంచి మొహం తిప్పుకునేదన్నాను. పెరాక్ నదికి వరదొస్తే వరండా కమ్మీకి తోక తగిలించి మూడు రోజులు వేలాడిందనీ, ఆ వంకర అప్పటిదనీ చెప్పాను. సభ్యులు కరిపాప్‌లు పక్కన పెట్టేశారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

అధ్యక్షురాలు నన్ను చూడలేదు. కలం కింద పెట్టి, అత్త వైపు తిరిగి, ఇది నిజమేనా అని మలయ్‌లో అడిగింది. అత్తకు మలయ్ బాగానే వచ్చు. అయినా నా వైపే తిరిగింది.

“ఇది సేపల మార్కెట్‌లో ఐసు పెట్టెల ఎనకాల దొరికినాది. దీని అమ్మెవరో నాకు తెల్దు. ఉన్నది ఉన్నట్టు సెప్పు అల్లుడూ.”

చెప్పాను. నా జీవితంలో నేను చేసిన అతి చిన్న ప్రసంగం అదే.

ఎవరూ కోప్పడలేదు. పిల్లిని అనుబంధ రిజిస్టరులో రాస్తామనీ, సంఘం ఒప్పుకున్న మగపిల్లితో తరం తరానికీ దాటించి పిల్లల్ని చూపిస్తే మూడు తరాల తర్వాత ప్రధాన రిజిస్టరూ, ఇంటిపేరూ ఇస్తామనీ అధ్యక్షురాలు నెమ్మదిగా వివరించింది. అత్త బుట్ట మూత వేస్తూ, “మూడు తరాలే కదా. ఈ దేశంలో మనం అంతకన్నా ఎక్కువే కాసుకొని ఉన్నాం” అంది.

ఐదారేళ్ళు పట్టింది. ప్రతి కాన్పుకూ బుట్ట, బస్సు, సంఘం బల్ల. అధ్యక్షురాలు కళ్ళు మూసుకుని పిల్ల తోక మొదటి నుంచి చివరిదాకా వేలు జరిపేది. మొదటి తరంలో వేలు ఆగింది. రెండో తరంలో కొంచెం తడబడింది. మూడో తరం ఆడపిల్లకు నూనె రాసిన దారంలా జారిపోయింది. ఇంటిపేరుతో వచ్చిన కాగితాన్ని అత్త బైబిల్లో పెట్టుకుంది. ఆ సాయంత్రం కొత్త పిల్లను ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ, తోక సక్కగానే ఉంది గానీ సెయ్యి ఆగే సోటే నేదని చిన్నబుచ్చుకుంది. పాత పిల్లి తోక కొక్కెం దగ్గర ఆమె వేలు ప్రతిసారీ కాసేపు ఆగేదట.

ఇక నా తప్పు. మినిట్స్ రాసేది నేనే కదా. సభ్యులు ముచ్చటపడ్డారని దొర బంగళా కథ రెండున్నర పేజీలు రాశాను. అత్త మాట రాయబోతే నేను అబద్ధాలకోరునని నా చేత్తో నేనే రాసుకున్నట్టు అనిపించింది. ‘పరిశీలించిన మీదట అనుబంధ రిజిస్టరులో చేర్చడమైనది’ అని ఒక్క వాక్యంతో ముగించాను. సంతకాల వేళ అధ్యక్షురాలు కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది, నేనే సరిచేస్తానని నమ్మిందేమో. ఇప్పుడు ఆవిడా లేదు, అత్తా లేదు. ఆ కాగితాలన్నీ ఎవరో స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారట, అందులోంచి ఎవరో బంగళాను తీసి మా ఇంటిపేరును దాని గుమ్మానికి తగిలించారు. చెట్టూ ఇల్లూ ఎలాగూ దొరవే, ఇప్పుడు నా పుణ్యాన పేరు కూడా దొరదే.

ఆ యువతిని పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఐసు పెట్టెలతో సహా. మర్యాదగా విన్నది. నా పక్కన మా అమ్మాయి, తెలుగు మాట్లాడమంటే తప్పించుకునే పిల్ల, ఆ వేళ మాత్రం తెలుగులోనే అంది: “నాన్నా, మల్లీ కతా? సాలు లా.” యువతి నవ్వేసి, ఏదైనా రుజువుంటే పంపండి అంకుల్, వచ్చే ఆన్‌లైన్ సమావేశంలో పెడతామంది. రుజువేమిటి? నా ఐసీలో ఆ పేరు లేదు. బైబిల్లో కాగితం మీద అత్త పేరుంది, ఆమె తండ్రి పేరుంది, గేదెల అంటే వాళ్ళేనని ఎక్కడా లేదు.

సంఘాన్ని తప్పుపట్టను. ఇప్పుడు పిల్లి చెంపలో దూదిపుల్ల తిప్పితే దాని రోగాలూ రక్తమూ బయటపడతాయి, పిల్లులకు మంచిదే. ఎవరి ఇంట్లో వాళ్ళు తెర ముందు కూర్చుని ఓటు వేస్తారు, బుట్టతో బస్సెక్కే పని లేదు. నాకు గుర్తొచ్చేదల్లా కలం కింద పెట్టి మనిషి మొహంలోకి చూసి, నిజమేనా అని అడిగిన ఆవిడే. క్యాంటీన్ వంటమనిషి మాట ఆ బల్ల మీద చాలింది. ఆ మాటను కాగితం మీదికి దించవలసినవాణ్ణి నేను.

అందుకే ఇది రాసి సంఘానికీ పంపుతున్నాను. వాళ్ళు సగం చేసుకుంటారో ఏమో.

వచ్చేముందు యజమానిని అడిగి పంజరంలోకి చెయ్యి పెట్టాను. కళ్ళు మూసుకుని ఆ పిల్లి తోక మీద మొదటి నుంచి చివరిదాకా వేలు జరిపాను, నెమ్మదిగా, రెండుసార్లు. ఎక్కడా ఆగలేదు.