నువ్వు పో, నేను సూసుకుంటా

దెయ్యాలు, గాలి సోకడం, దిష్టి తగలడం, వీటిలో దేన్నీ నేను నమ్మేదాన్ని కాదు. తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, తాయెత్తు పక్కన పెట్టి ముందు జ్వరం చూడండని పోట్లాడేది నేనే. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఇంకొకరు చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

మా పుట్టిల్లు నగరి. ఇంటి వెనక షెడ్డులో మా నాయనకు నాలుగు మరమగ్గాలు ఉండేవి. అవి ఆడుతుంటే పక్కనే నిలబడి అరిచినా మాట వినపడదు. అందుకే మాలాంటి ఇళ్లలో సగం మాటలు చేతులతోనే నడుస్తాయి. పెళ్లికి ముందు ఒక మగ్గం నేనే చూసుకునేదాన్ని. అన్నం వేళకు నాయన వచ్చి తన రొమ్ము తట్టుకుని, మగ్గం వైపు వేలు చూపించి, తలుపు వైపు చెయ్యి ఊపేవాడు. దీన్ని నేను చూసుకుంటా, నువ్వు పో అని. గ్రీజు చేతులు కదా, చొక్కాకు మరక పడుతుందని అరచేత్తో కాకుండా చెయ్యి తిరగేసి తట్టుకునేవాడు. ఆ అలవాటు ఇంకెవరిలోనూ నేను చూడలేదు.

నాయన పోయి ఎనిమిదేళ్లయింది. మగ్గాలు పాత ఇనుముకు వెళ్లిపోయాయి. మిగిలింది కండె. అది మా కుక్క పేరు. పిల్లగా ఉన్నప్పుడు నూలు చుట్టిన కండెలను నోట కరుచుకుని పరిగెత్తి, నాయనను షెడ్డంతా తిప్పించేది. ఆయనే ఆ పేరు పెట్టాడు. మగ్గాల రొదలోనే పెరిగింది, ఆ రొదలోనే నిద్రపోయేది. అవి ఆగిపోయాక చాలా రోజులు ఖాళీ షెడ్డు చుట్టూ తిరిగింది. మా అమ్మతోపాటు అదీ ముసలిదైపోయింది.

మా చిన్నది భువన, నాయన పోయాక పుట్టింది. ఆరేళ్లు. పోయిన ఏడాది దానికి డెంగీ వచ్చి, చావు దాకా వెళ్లి వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్న రిపోర్టులు నా చేతుల మీదుగానే వచ్చాయి. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. పిల్ల తేరుకుంది కానీ నేను తేరుకోలేదు. అది తుమ్మినా నుదురు పట్టి చూస్తాను.

“పిల్లని అద్దాల బీరువాలో పెట్టుకుంటావా ఏంది?” అని మా ఆయన దెప్పేవాడు. కార్తీకమాసంలో అమ్మను చూడడానికి నగరి వెళ్లినప్పుడు, పిల్లలకు కొండల్లో జలపాతం ఉన్న కోన చూపిద్దామని పట్టుబట్టింది ఆయనే.

మేమిద్దరం, పదేళ్ల మా పెద్దోడు కార్తీక్, భువన, వెంట కండె. ముందు వారమంతా వాన కురిసి వంక నిండుగా పారుతోంది. దాని వెంబడే రాళ్ల మీద నడుచుకుంటూ పైకి పోయాం. పగలే అయినా ఎండ లేదు. మబ్బు కొండ నెత్తిన దిగి కూర్చుంది. దారిలో ఒక్క మనిషి కూడా ఎదురుకాలేదు. కండె రొప్పుతూ వెనకబడుతుంటే కార్తీక్ దాన్ని కాసేపు ఎత్తుకుని నడిచాడు.

జలపాతం చప్పుడు దగ్గరయ్యేకొద్దీ కండె చెవులు నిక్కాయి. వాడి చేతుల్లోంచి దూకి మాకంటే ముందు పరిగెత్తింది. అది ఎందుకు పరిగెత్తిందో నాకు అర్థమైంది. ఆ నీళ్ల రొద అచ్చం మా షెడ్డులో నిలబడ్డట్టే ఉంది.

మడుగు పక్కన బండ మీద కూర్చున్నాం. మా ఆయన, కార్తీక్ బాటిళ్లలో నీళ్లు పట్టడానికి కాస్త ఎగువకు వెళ్లారు. నేను చిత్రాన్నం డబ్బా మూత తీసి తల ఎత్తేసరికి భువన మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. అవతలి గట్టు వైపు చూస్తూ, వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఈగలు ముసిరాయేమో అనుకున్నాను. అరిస్తే వినపడలేదు. పరిగెత్తి రెక్క పట్టుకుని లాగాను.

అదే సమయంలో కండె మా పక్క నుంచి నీళ్లలోకి దిగింది. కాళ్లు ఈడ్చే ముసలి కుక్క, ఆ వడికి అడ్డం పడి ఈదింది. అవతల ఒక బండ ఎక్కి, తోక ఊపుకుంటూ దాని వెనక్కి వెళ్లింది. మళ్లీ రాలేదు.

మా ఆయన రొమ్ము లోతు నీళ్లలో దాటి వెళ్లి చూశాడు. బండ వెనక చెయ్యి పట్టేంత సందు, ఆ తర్వాత నిట్టనిలువు కొండ. పోవడానికి దారి లేదు. బండ మీద కండె తడి అడుగులు అటు వెళ్లినవి ఉన్నాయి, తిరిగి వచ్చినవి లేవు. గొంతులు బొంగురుపోయేదాకా పిలిచాం. తుంపర మొదలైంది. కార్తీక్ ఏడుస్తుంటే వెనుదిరిగాం.

దారిలో నా చంకలో ఉన్న భువన అంది: “కండెను ఆ తాత పిలుచుకొని పోయినాడు మా.”

“ఏ తాత?”

“బండ మీద నిలబడుకొని ఉన్నాడే. ఇట్ల చేసినాడు.” చెయ్యి తిరగేసి రొమ్ము తట్టుకుంది. తర్వాత పొమ్మన్నట్టు ఊపింది.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. “మేకలోడు ఎవుడన్నా వచ్చుంటాడు లే” అన్నాడు మా ఆయన. ఆ మాటనే గట్టిగా పట్టుకుని ఇల్లు చేరాను.

“కండె యాడ?” అని అడిగింది అమ్మ, గడప దాటకముందే. జరిగింది చెప్పాను. తాత సంగతి మాత్రం చెప్పలేదు. భువనే చెప్పింది, చేసి చూపించింది. అమ్మ గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

“మద్దెలో ఎవురిని సూపించినాడు బంగారూ?”

నేను అడగని ప్రశ్న అది. భువన తన వేలు తన వైపే తిప్పుకుంది. “నన్ను. నేను రానని తల ఊపినాను. అప్పుడు కండె పోయింది.”

మర్నాడు మా ఆయన ఊళ్లోవాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకుని కోనంతా వెతికాడు. కుక్క లేదు, దాని కళేబరమూ లేదు. ఆ సైగ నేనే ఎప్పుడో తెలియకుండా చేసి ఉంటే, పిల్ల చూసి నేర్చుకుందేమో అని చాలాసార్లు ఆలోచించాను. చేసినట్టు గుర్తు లేదు. పిల్లను కాపాడడానికి వచ్చాడని అమ్మ అంటుంది. అయి ఉండవచ్చు. కానీ ఆ సైగకు మా ఇంట్లో ఒకటే అర్థం. దీన్ని నాకు వదిలేసి నువ్వు పో అని.

నాయనంటే నాకు ప్రాణం. ఆయన రొమ్ము తట్టుకున్న ప్రతిసారీ మగ్గం వదిలేసి నిశ్చింతగా అన్నానికి పోయేదాన్ని. ఇప్పుడు నగరి వెళ్లినప్పుడు ఆయన ఫొటోకు పూలు మార్చేది నేనే. ఆ కాసేపూ భువనను ఆ గదిలోకి రానివ్వను.