గాజు లేని గొట్టం

డిజిటల్ కెమెరాలు మా తాడేపల్లిగూడెంలో కొత్తగా కనిపిస్తున్న రోజులవి. మా అమ్మ కొల్లేరులో బాప్తిస్మం తీసుకుంటోంది. నీళ్లలోంచి లేచే క్షణాన్ని ఫొటో తీయించుకోవాలని ఆమె కోరిక. ఒడ్డంతా బురద, పాస్టరుగారు బాగా లోపల నిలబడతారు. అందుకని దూరాన్ని దగ్గరగా చూపించే అదనపు లెన్సు ఒకటి కొన్నాను. కెమెరా ఆన్ చేస్తే దాని సొంత లెన్సు రెండున్నర సెంటీమీటర్లు ముందుకొస్తుంది. అది తగలకుండా రెండింటి మధ్య మూడు సెంటీమీటర్ల గొట్టం ఉండాలి. స్కేలు పెట్టి కొలిచి మరీ బిగించాను. అమ్మను నీళ్లలోకి నడిపించాల్సింది నేనే గనుక కెమెరా మా బావమరిది చేతికిచ్చాను.

అమ్మను పాస్టరుగారికి అప్పగించి నేను ఒడ్డు చేరాను. అమ్మ మునిగి లేచేసరికి, అప్పుడే ఆన్ చేసిన కెమెరా కిర్రుమని ఆగిపోయింది.

"ఆ గొట్టంలో గాజే లేదు కదండీ బావగారూ! దండగ బరువని తీసేసి, లెన్సుని టేపుతో అంటించాను," అని బావమరిది నా చెవిలో అన్నాడు. బయటికి రావాల్సిన కెమెరా సొంత లెన్సు ఆ అంటించిన లెన్సుకు గుద్దుకుని ఇరుక్కుపోయింది.

"పాస్టరుగారూ, ఇంకోసారి ముంచేద్దురూ!" అని వాడే అరిచాడు. అందరూ నవ్వారు.

"బాప్తిస్మం ఒక్కసారేనండి," అన్నారాయన.

తడి చీరతో వణుకుతూ ఒడ్డుకొచ్చి అమ్మ, "ఫొటో పడిందా నాయనా?" అంది. తల అడ్డంగా ఊపాను.

"నీ కొలతలన్నీ ఏమైపోయాయిరా?" అంది అమ్మ.

ఆ పూట తగువెందుకని గొట్టం తీసేసిన సంగతి అమ్మకు చెప్పలేదు.

ఇలాంటి లెన్సులు వాడేవారు మధ్యలో గొట్టం లేకుండా కెమెరా ఆన్ చేయకండి. అమ్మ ఇప్పుడు లేదు. "బావగారి కెమెరా సమయానికి చచ్చిందండీ," అని మా బావమరిది ఈనాటికీ పెళ్లిళ్లలో చెప్పి నవ్విస్తుంటాడు. అమ్మ కూడా చివరిదాకా అదే నమ్మింది.