మా వదిన శుక్రవారాలు

వదిన చనిపోయిన కబురు నాకు ఇంటివాళ్లు చెప్పలేదు. పంజాగుట్టలో రాళ్లు మోసే ఎల్లమ్మ చెప్పింది.

"డాక్టర్ సాబ్, నర్సమ్మ పోయింది" అని అమీర్‌పేటలో నా దవాఖాన గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చింది. పట్నంలో వదిన పనిచేసే జనానా ఆసుపత్రిలో, పొద్దున డ్యూటీలో ఉండగానే గుండె ఆగిందట. కబురు తెచ్చే టాంగా పంజాగుట్ట దాటే కదా మా వైపు రావాలి. దారిలో అక్కడి రాళ్ల కూలీలు ఆపి అడిగారు. సొంత మరిదినైన నాకంటే ముందు వాళ్లు ఏడ్చారు. ఆ దుఃఖంలో కూడా ఒక్క క్షణం నా మనసు ముడుచుకుంది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ నా అసూయను దాచిపెట్టి రాస్తే మీకు ఆమె సగమే కనిపిస్తుంది.

మాది మగ్గం వదిలి పట్నం చేరిన కుటుంబం. అన్న అమీర్‌పేటలో దర్జీ. వదిన పెళ్లయ్యాక నర్సు పని నేర్చుకుంది. నేను డాక్టరునయ్యాను. అప్పట్లో సర్కారు సెలవు శుక్రవారమే. ఆ రోజు ఆమె, అన్న గుడ్డపీలికలతో కుట్టిచ్చిన సంచి భుజాన వేసుకుని, పంజాగుట్ట రాళ్ల మధ్యనున్న గుడిసెలకు నడిచిపోయేది. సంచిలో ఒక స్పిరిటు దీపం, ఒక గాజు గొట్టం. గర్భిణుల మూత్రం గొట్టంలో పోసి కాచి చూసేది. తేటగా ఉంటే నవ్వేది. పాలు విరిగినట్టు తెల్లబడితే లోపల ఏదో ముప్పు ఉన్నట్టే. పిల్లల కనురెప్పలు కిందికి లాగి రక్తం చాలినంత ఉందో లేదో చూసేది. ఎవరి కడుపైనా తడిమే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకునేది. యుద్ధం రోజుల్లో స్పిరిటు దొరకకపోతే కట్టెల నిప్పుల మీదే గొట్టం కాచింది.

"రోగం లేనోళ్లకు పరీక్షలేంది వదినా?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"పాణం బాగలేనోళ్లు నీ దగ్గరికొస్తరు. బాగనే ఉన్నమనుకునేటోళ్ల దగ్గరికి ఎవరు పోవాలె మరి?" అంది.

నా దగ్గర మందు తీసుకున్నవాళ్లు సైతం "నర్సమ్మకు ఒకపాలి చూపిస్త" అంటూ పోయేవారు. చివరికి నా భార్య కూడా ఆమె పక్షమే. నెలల తరబడి నీరసంగా తిరుగుతుంటే ఎండల వల్లనేలే అన్నాను నేను. వదిన మా వంటింట్లో నిలబడి ఆమె కనురెప్ప లాగి చూసి, "పిల్లకు రక్తం లేదు, జర చూసుకో డాక్టరూ" అంది. మందు ఇచ్చింది నేనే. కోలుకున్నాక నా భార్య దండం పెట్టింది మాత్రం వదినకు.

ఆ మంటలోనే నేనొక తప్పు చేశాను. అప్పుడు ఎల్లమ్మకు ఏడో నెల. కాళ్లు వాచాయి. గొట్టంలో నీళ్లు తెల్లబడ్డాయి. రాళ్లు మోయొద్దనీ, తనతో ఆసుపత్రికి రమ్మనీ వదిన చెప్పింది. మర్నాడు రాళ్ల గుత్తేదారు జ్వరమని నా దగ్గరికి వచ్చాడు.

"మీ వదినె మా ఆడోళ్లతోని పని బంద్ చేయిస్తున్నది సాబ్. నిజంగ బీమారేనా?"

ఒకసారి వెళ్లి చూసి చెప్తానంటే సరిపోయేది. "ఆమె నర్సే గద, డాక్టర్ కాదు గద" అన్నాను.

అంతే. ఎల్లమ్మ మళ్లీ తట్ట ఎత్తింది. తర్వాతి శుక్రవారం గుత్తేదారు మనుషులు వదినను గుట్ట దగ్గరే ఆపేశారు. ఇంకో నాలుగు రోజులకు ఎల్లమ్మకు ఫిట్లు వచ్చాయి. కబురందుకుని వదినే ఎద్దుబండిలో ఆసుపత్రికి చేర్చింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ సాయంత్రం వదిన నా దవాఖానకు వచ్చింది. నేను తలెత్తలేదు.

"నువ్వేమన్నవో గుత్తేదారు చెప్పిండు."

"తిట్టు వదినా."

"తిడితే నీ మనసు సల్లవడ్తది. ఎల్లమ్మకేమొస్తది? వచ్చే శుక్రవారం నాతోని రా. నర్సు మాట ఇనకుంటే డాక్టర్ మాటన్న ఇంటరు."

వెళ్లాను. గుత్తేదారు ముందు, కూలీలందరి ముందు, ఆమె చెప్పిందే నిజమనీ తప్పు నాదనీ ఒప్పుకున్నాను. ఎల్లమ్మ నా ముఖం చూడలేదు. చాలా ఏళ్లు చూడలేదు. ఆ శుక్రవారం నుంచి మేమిద్దరం కలిసే నడిచాం. అది నా మంచితనమనుకోకండి. మొదట సిగ్గుతో వెళ్లాను. తర్వాత, వాళ్లు ఆమెను చూసే చూపు నాకూ దక్కుతుందేమోనన్న ఆశతో వెళ్లాను. దక్కలేదు. నేను స్టెతస్కోపు పెట్టి గుండె వింటుంటే వాళ్ల కళ్లు ఆమె వైపే ఉండేవి, నేను చెప్పేది ఆమె ఒప్పుకుంటుందో లేదోనని.

కానీ ఆమె పక్కన కూర్చున్నాకే మనిషిని చూడటం నేర్చుకున్నాను. "పొద్దుగాల ఏం తిన్నవ్?" అని మొదట అడగాలని కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్నతో సగం జబ్బులు వాటంతట అవే బయటపడేవి. ఈరోజు నన్ను ఎవరైనా మంచి డాక్టరంటే ఆ మాట ఆమెకు చెందాలి. అదీ నాకు కష్టంగానే ఉంటుంది.

కర్మలు ముగిశాక వచ్చిన శుక్రవారం ఒక్కణ్నే గుట్ట ఎక్కాను. ఎవరూ రారనుకున్నాను. వచ్చారు. వదిన ఎప్పుడూ కూర్చునే చదును రాయి మీద కూర్చోబోయాను.

"అది నర్సమ్మది సాబ్" అంది ఎల్లమ్మ. "మీరు గిక్కడ కూసోండ్రి." పక్కనే మరో రాయిని కొంగుతో తుడిచింది.

కూర్చుని మొదటి బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాను. ఇంతలో ఎవరిదో మేకపిల్ల గెంతుకుంటూ వచ్చి ఆ చదును రాయి ఎక్కింది. రెండుసార్లు చుట్టూ తిరిగి, కాళ్లు ముడుచుకుని పడుకుంది. అంతమంది ఆడవాళ్లలో ఒక్కరూ దాన్ని అదిలించలేదు. నా పరీక్షలు ముగిసేదాకా అది ఆ ఎండలో, కళ్లు మూసుకుని, హాయిగా నిద్రపోయింది.