గాలి పోతే పోనీ

2023 చలికాలం. బ్యోబ్లింగెన్ ఊరి మీద ఆకాశం తడిసిన గోనెసంచిలా వేలాడుతున్న రోజులు. నేను బస్సులకూ లారీలకూ బ్రేకు పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో టెస్ట్ ఇంజినీరుని. నా ఉద్యోగమేమిటని ఒకసారి మా అత్తగారు అడిగితే, "బళ్లు ఆగుతున్నాయో లేదో చూడడమండీ" అన్నాను. "దానికి జర్మనీ దాకా పోవాలా నాయనా? మా వీధి చివర నుంచుంటే సరిపోయేదిగా" అన్నారావిడ. అప్పట్నుంచి ఆవిడ లెక్కలో నేను స్పీడుబ్రేకరుకి ఒక మెట్టు కింద ఉన్నాను.

ఒక సోమవారం సిటీ బస్సు డిపో నుంచి ఫోనొచ్చింది. డిపో అధికారిణి ఫ్రావ్ వింక్లర్, మన లెక్కలో వింక్లర్ గారు. ఆవిడ మాట్లాడితే ఫోను మీద మంచు పేరుకుంటుంది.

"మీ పరికరాలున్న బస్సు ఆగడం లేదని మా డ్రైవరొకడు అంటున్నాడు. మా మెకానిక్ అంతా బాగానే ఉందంటున్నాడు. డ్రైవరు మీ దేశంవాడే. మీరు వచ్చి అతనితో మాట్లాడాలి."

"మా దేశంలో చాలా భాషలున్నాయండీ."

"అతనిది టెలుగూ."

నేను కుర్చీలోంచి ఎంత వేగంగా లేచానంటే, పక్క గదిలో వాళ్లు భూకంపం అనుకుని బల్లల కింద దూరి ఉంటారు.

సంగతేమిటంటే, డ్రైవరు నూకరాజుది పాడేరు వైపు. ఘాట్ రోడ్ల మీద పదిహేనేళ్లు లారీ తోలి, భాష నేర్చుకుని, ఇక్కడ బస్సు లైసెన్సు కూడా సంపాదించి ఉద్యోగంలో చేరాడు. చలి మొదలయ్యాక రెండుసార్లు అతని బస్సు స్టాపు దాటి జారిపోయింది. రెండోసారి మరీ ముందుకెళ్లి, ఒక బేకరీవాళ్లు బయట నిలబెట్టుకున్న బోర్డుని ముద్దుపెట్టుకుంది. దాని మీద జంతికలా మెలికలు తిరిగిన బ్రెట్సెల్ రొట్టె బొమ్మ రెండు ముక్కలైంది. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అతను ఇంకా ప్రోబెట్సైట్‌లో, అంటే ఉద్యోగం ఖాయం కాకముందు నడిచే పరీక్షాకాలంలో ఉన్నాడు. అది ఆ శుక్రవారంతో ముగుస్తుంది. ఉంచుతారో పంపేస్తారో అప్పుడే తేలుతుంది. పంపేస్తే అతనొక్కడే కాదు, ఇంకా ఊళ్లోనే ఉన్న అతని భార్య వీసా కాగితాలు కూడా అతనితోపాటే వెనక్కి విమానమెక్కుతాయి.

డిపోకి వెళ్లేసరికి ఆ బస్సు షెడ్డులో నిలబడి ఉంది. ముందు తలుపు దగ్గర వాన పడుతుంటే వెనక తలుపు దగ్గర ఎండ కాసేంత పొడుగు. దాని పక్కన టోపీ చేత్తో పట్టుకుని ఒక బక్కపల్చని మనిషి. తెలుగులో పలకరించగానే ఆయన ముఖంలో హెడ్‌లైట్లు వెలిగాయి.

"బాబూ, మీరైనా సెప్పండి ఈళ్లకి. నాను అబద్దం ఆడతానేటండి? బ్రేకు తొక్కితే గాలి పోతందండి. నా సెవుల్తో ఇన్నాను."

"వీళ్లకేం చెప్పారు?"

"లుఫ్ట్ వెక్, లుఫ్ట్ వెక్ అని పదిసార్లు సెప్పేను. ఆ మెకానిక్కు బండి కింద దూరి, గొట్టాలన్నిటికీ సబ్బునీళ్లు రాసి, ఒక్క బుడగా రాలేదన్నాడు. ఈవిడేమో నాను సాకులు సెప్తన్నానంటంది."

లుఫ్ట్ వెక్ అంటే గాలి లేదు, పోయింది అని. పెద్ద బళ్లలో బ్రేకు నడిచేదే గాలితో. కారులోలా కాలి బలాన్ని నూనె మోసుకుపోదు. ట్యాంకుల్లో నొక్కిపెట్టిన గాలి, పెడలు తొక్కగానే గొట్టాల వెంట పరిగెత్తి, చక్రం దగ్గరున్న బ్రేకు ఛాంబరులో చొరబడి బ్రేకు పట్టిస్తుంది. కాబట్టి గాలి పోయిందంటే మెకానిక్ కారుతున్న గొట్టం కోసమే వెతుకుతాడు. వెతికాడు. లేదు. కంప్యూటరు పెట్టి చూశాడు, అందులోనూ తప్పు లేదు. నేనూ సెన్సర్లు, వైర్లు, వాల్వులు ఒక్కోదాన్నీ తాకి చూశాను. బస్సు నాకంటే ఆరోగ్యంగా ఉంది. రక్తపోటయితే నిస్సందేహంగా నాకన్నా దానిదే బాగుంది.

ఫ్రావ్ వింక్లర్ చేతిగడియారం చూసుకుంది. నాకు అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. ఏదో ఒకటి అనాలి గనక అడిగాను.

"నూకరాజు గారూ, గాలి పోతుంటే ఎలా వినబడుతోంది?"

"ఎలగేటండి? ఉస్ ఉస్ ఉస్ ఉస్ మని."

నా చేతిలో టార్చి జారి కాలి వేలి మీద పడింది. ఆ వేలు ఇప్పటికీ వాతావరణం ముందుగా చెబుతుంది.

"ఇంకోసారి అనండి. ఉస్స్స్స్స్ అని సాగుతోందా, ఉస్ ఉస్ ఉస్ అని తెగి తెగి వస్తోందా?"

"తెగి తెగే బాబూ. అదేటి, పాము పరిగెట్టి ఆయాసపడినట్టు."

కారే గొట్టానికి ఆయాసం రాదు. అది ఉస్స్స్ మంటూ ఒకటే రాగం తీస్తుంది. తెగి తెగి ఉస్ ఉస్ అనేది మేం డబ్బు తీసుకుని అమర్చిన వస్తువే! ఏబీఎస్. జారే రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే చక్రం తిరగడం మానేసి, మంచు మీద బల్లచెక్కలా జారుతుంది. జారే చక్రానికి పట్టూ ఉండదు, స్టీరింగు మాట వినడమూ ఉండదు. అందుకని ప్రతి చక్రం దగ్గర పళ్లున్న రింగొకటి, ఆ పళ్లు ఎంత వేగంగా దాటుతున్నాయో లెక్కపెట్టే సెన్సరొకటి ఉంటాయి. ఒక చక్రం స్తంభించబోతోందని తెలియగానే, వాల్వు ఆ ఛాంబరులోంచి కొంచెం గాలి బయటికి వదిలి, చక్రం కాస్త దొర్లగానే మళ్లీ నింపుతుంది. సెకనులో కొన్నిసార్లు వదలడం, నింపడం. ఆ వదిలినప్పటి చప్పుడే ఉస్ ఉస్ ఉస్. కారులో ఏబీఎస్ పనిచేస్తే పెడలు పాదాన్ని తన్నుతుంది. గాలి బ్రేకుల్లో పాదానికి ఏమీ తెలియదు. చెవికే తెలుస్తుంది.

"ఆ చప్పుడు రాగానే మీరేం చేస్తారు?"

"ఏటి సేస్తానండీ, కాలు తీసెస్తాను! ఉన్న గాలి పోతే కిందికి దిగేదెలగ? తీసి, మళ్లీ తొక్కి, తీసి, తొక్కి... ఘాటీలో మా గురువు నేర్పిందదే."

ఆయన తప్పేముంది? ఏబీఎస్ లేని పాత లారీకి అది ప్రాణవిద్య. చక్రం జారకుండా మనిషి కాలే కంప్యూటరులా పనిచేయాలి. ఏబీఎస్ ఉన్న బండిలో మాత్రం కాలు తీసిన ప్రతిసారీ బ్రేకు వదిలేసినట్టే. పైగా తొక్కి తీసి తొక్కి తీసి ట్యాంకు గాలి ఊరికే తగలేయడం. లైసెన్సు ఆయన మండుటెండల్లో తీసుకున్నాడు. ఏబీఎస్ గురించి పుస్తకంలో చదివాడు, పరీక్షలో జవాబు రాశాడు. దాని గొంతు మాత్రం ఎన్నడూ వినలేదు.

ఈ కథంతా ఫ్రావ్ వింక్లర్‌కి చెప్పాను. ఆవిడ పెదవి విరిచి, "అయితే తప్పు బ్రేకుది కాదు, డ్రైవరుది. నేనన్నది అదేగా" అంది.

గొప్ప సహాయం చేశానండీ! మనిషిని కాపాడటానికి వెళ్లి, ఆయన మీద నేరం సాంకేతికంగా రుజువు చేశాను. నూకరాజుకి ఆ మాట అర్థమయ్యేంత జర్మన్ వచ్చు. టోపీ ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

"ఒక్క రోజు ఇవ్వండి" అన్నాను. "బస్సునీ, ఆయన్నీ మా టెస్ట్ ట్రాక్‌కి పంపండి. మీరూ రండి."

మా ట్రాక్ మీద నున్నటి రాళ్లు పరిచిన దారొకటుంది. దాని మీద నీళ్లు పారిస్తే మంచుగడ్డకి చెల్లెలవుతుంది. ఆ దారి మీద నేనొకసారి నడవబోయి ఎక్కడ తేలానో చెబితే మీరు నమ్మరు, పక్క జిల్లా అనుకోండి. గురువారం ఉదయం నూకరాజు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఫ్రావ్ వింక్లర్ ముందు సీట్లో. నేను ఆయన వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. దారి చివర ప్లాస్టిక్ కోన్లు వరుసగా పెట్టాం.

"తొక్కి పట్టండి. ఉస్ అన్నా వదలొద్దు."

బస్సు తడి రాళ్లెక్కింది. తొక్కాడు. ఉస్ ఉస్ ఉస్! కాలు టక్కున లేచింది. కోన్లు గాల్లోకి లేచాయి. ఒకటి నేటికీ దొరకలేదు.

రెండోసారీ అంతే. ఆయన నుదుట చెమట.

"కాలు నా మాట ఇనట్లేదు బాబూ. పదిహేనేళ్ల అలవాటు. అది ఉస్ అంటే నా గుండె ఉస్ అంటంది."

ఫ్రావ్ వింక్లర్ మళ్లీ చేతిగడియారం చూసుకుంది.

నేను ఆయన భుజం మీద చెయ్యేశాను. "నూకరాజు గారూ, ఆ గాలి మీ కోసమే పోతోంది. అది పోకపోతే మీరు పోతారు. అది ఉస్ అన్నప్పుడల్లా మీరు పైకే 'పోనీ' అనండి."

"పోనీ అనాలా?"

"గట్టిగా. కాలికి వినబడేలా."

మూడోసారి. తడి రాళ్లు. బ్రేకు. ఉస్!

"పోనీ!" అన్నాడు నూకరాజు. "పోనీ! పోనీ! పోనీ! పోనీ!"

కాలు లేవబోయింది గానీ లేవలేదు. చక్రాలు దొర్లుతూ, పట్టు వెతుక్కుంటూ, అంత పెద్ద బస్సు తిన్నగా, పెళ్లిపీటల మీద వధువులా నెమ్మదిగా కూర్చుంది. కోన్లు చెక్కుచెదరలేదు.

ఫ్రావ్ వింక్లర్ నా వైపు తిరిగింది. "బాగా ఆపాడు. కానీ ఇతను పొట్టి గుర్రాన్ని ఎందుకు పిలుస్తున్నాడు?"

జర్మన్లో పోనీ అంటే పొట్టి గుర్రం మరి. అర్థం వివరించాక ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వగా చూసినవాణ్ని ఆ జిల్లా మొత్తంలో నేనొక్కణ్నే అనుకుంటాను.

ఆవిడ అక్కడితో ఆగలేదు. ఎత్తెక్కే దారిలో ఆగి బయలుదేరి చూపమంది. ఒక వెనక చక్రం తడి రాయి మీద, రెండోది పొడి రోడ్డు మీద. అక్కడ పని ట్రాక్షన్ కంట్రోలుది. ఇది ఏబీఎస్‌కి తిరగేసిన తమ్ముడు, బండి ఆగేటప్పుడు కాకుండా కదిలేటప్పుడు కాపలా కాస్తుంది. ఊరికే గిరగిర తిరిగే చక్రానికి తనే బ్రేకు వేసి, బలాన్ని పట్టున్న చక్రానికి మళ్లిస్తుంది. అవసరమైతే డ్రైవరు ఎంత తొక్కినా ఇంజిను జోరు తగ్గిస్తుంది. మీటరు దగ్గర దీపం మిణుకుమంది, ఇంజిను గొంతు తగ్గింది.

"ఇంజిను సస్తంది బాబూ!"

"చావట్లేదు. ఆలోచిస్తోంది. మీ కాలు అక్కడే ఉంచండి."

"పోనీ" అని గొణిగాడాయన. బస్సు ఎత్తెక్కింది.

"నిష్ట్ ష్లెష్ట్" అంది ఫ్రావ్ వింక్లర్. చెడ్డగా లేదు అని అర్థం. స్వాబియాలో, అంటే మా ప్రాంతంలో, ఆ మాట అనిపించుకున్నవాడికి గండపెండేరం తొడిగి ఏనుగెక్కించినట్టే. శుక్రవారం మధ్యాహ్నం నూకరాజు ఫోను చేశాడు. "ఉంచేసేరు బాబూ" అన్నాడు. ఫోనులో ఇద్దరం ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఎవరు బ్రేకు చెడిందన్నా, ముందు కంప్యూటరు తెరవను. "చప్పుడెలా ఉందో నోటితో చేసి చూపించండి" అంటాను. చప్పుడుని మాటల్లోకి తర్జుమా చేస్తే లుఫ్ట్ వెక్ అవుతుంది, అందులో ఆయాసం రాలిపోతుంది. సూటు వేసుకున్న పెద్ద మేనేజర్లు నా ముందు నిలబడి ప్ఫ్ ప్ఫ్, ట్స్ ట్స్ అంటుంటారు. ఆ డిపోలో కొత్తగా చేరిన డ్రైవర్లను ఇప్పుడు చలికి ముందే మా తడి రాళ్ల మీదకి తీసుకొస్తారు. పోలండు నుంచి వచ్చినవాడైనా, పక్క ఊరివాడైనా, బ్రేకు తొక్కి పట్టి "పోనీ, పోనీ" అని అరవాల్సిందే. ఫ్రావ్ వింక్లర్ దగ్గరుండి అరిపిస్తుంది.

మరుసటి శీతాకాలం, మొదటి మంచు పడిన ఉదయం, నేను నూకరాజు బస్సెక్కాను. ముందు సీట్లో ఎర్రటి కొత్త కోటులో ఆయన భార్య లక్ష్మి. ఈ దేశం వచ్చి వారమైందట. ఆ బేకరీ ముందు దిగుడులో నూకరాజు బ్రేకు తొక్కాడు. కింద నుంచి ఉస్ ఉస్ ఉస్.

ఆవిడ సీటు కడ్డీ పట్టుకుని సగం లేచింది. "ఓలమ్మో! ఏటయ్యా, గాలి పోతంది!"

కొత్త బ్రెట్సెల్ బోర్డుకి జానెడు ఇవతల, స్టాపులో సరిగ్గా బస్సు ఆగింది. ఆయన కాలు కదపలేదు, తల తిప్పలేదు.

"పోనీయే" అన్నాడు.