తాలుకాయ

నా చిన్నప్పుడు మా ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. మాది అద్దంకి దగ్గర. కల్లాల్లో ఎండుమిరప ఏరేటప్పుడు రంగు వెలిసిన కాయల్ని తాలు అని పక్కకు పారేస్తారు. నేను పాలిపోయి, కళ్లు పచ్చబడి ఉండేదాన్ని. అందుకని నన్ను తాలుకాయ అనేవాళ్లు. ఒళ్లు మండిపోయేది.

పచ్చకామెర్లన్నారు. మా నాయనమ్మ పసరు పోయించింది. చుట్టూ మిరపచేలే, నా కంచంలో మాత్రం ఉప్పూ కారం లేని చప్పిడి కూడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. నా పదో ఏట, ఇక మణికట్టు మీద వాత పెట్టించాల్సిందే అంది నాయనమ్మ.

ఆ పొద్దున పక్కింటి అక్క అడ్డం వచ్చింది. ఆమె గుంటూరులో నర్సు, సెలవుకు వచ్చి ఉంది. నా కడుపు ఎడమవైపు తడిమి చూసి, "ఇది ఆ కామెర్లు కాదు మామ్మగారూ. పిల్లకి వాత పెడితే నేనూరుకోను" అంది. నిన్నగాక మొన్న పుట్టినదానివి నీకేం తెలుసని నాయనమ్మ కేకలేసింది. అక్క నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు అమ్మనీ నన్నూ గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లింది. నా రక్తకణాలు పుట్టుకతోనే ఆకారం తప్పాయట, కడుపులో ప్లీహం వాటిని పట్టి విరిచేస్తోందట. దాన్ని తీసెయ్యాలన్నారు. అమ్మ ఏడ్చింది. ఎదురుమంచం ఆమెకు మాత్రలతోనే తగ్గుతోంది కదా, మా పిల్లకూ అవే ఇవ్వండని బతిమాలింది. ఆమె ఒళ్లే ఆమె రక్తం మీద తిరగబడింది, అందుకని ఆ మాత్రలని అక్క చెప్పింది. మూలమంచం అమ్మాయికి మలేరియా మాత్ర పడక రక్తం విరిగింది, ఆ మాత్ర మానిపిస్తే చాలు. ముగ్గురి కళ్లూ పచ్చగానే ఉన్నాయి, వైద్యం మాత్రం ఎవరిది వాళ్లదే.

తర్వాత నావైపు తిరిగి, "వంకర కాయకు కారం ఉండదా?" అనడిగింది. ఎందుకుండదన్నాను. "నీ కడుపులో ఏరే మనిషి వంకర కాయల్ని కూడా తాల్లో పారేస్తోంది. ఆవిణ్ణి పని మాన్పిస్తే సరి."

భయం పోలేదు గానీ ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. కళ్లు తేటపడ్డాయి. ఇంటికొచ్చిన పూటే నాయనమ్మ ఎదురుగా కూర్చుని ఎర్రటి కారం కలుపుకుని తిన్నాను. ఆవిడే నెయ్యి వేసింది.

నా రక్తకణాలు ఇప్పటికీ వంకరే. ప్లీహం లేని ఒంట్లో జ్వరం ఇట్టే ముదురుతుందట, అందుకే జ్వరమొస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఆస్పత్రికి పోతాను, అది అక్క పెట్టిన షరతు. కళ్లు పచ్చబడ్డ పిల్లను ఎవరైనా వాతకు తీసుకుపోతుంటే దారికడ్డంగా నిలబడతాను. ఈవిడ నోట్లో కారమెక్కువ అంటారు. ఉండదా మరి, తాల్లో పారేసిన వంకర కాయను కదా.